పిట్టల లెక్క రాసిన సంపాదకుడు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

ఫస్ట్ షిఫ్టుకు పోయేవాళ్ళను పంపి, పిల్లలను బడికి సాగనంపి, ఇప్పుడిప్పుడే కాస్త నడుం వాల్చి ఉంటారు. ఈవేళ మీతో వంటల గురించి గానీ, కుట్టుపని గురించి గానీ మాట్లాడబోవటం లేదు. ఒక పత్రికా సంపాదకుని గురించి చెప్తాను. అంతకంటే ముందు ఒక పాలపిట్ట గురించి చెప్పాలి. చెప్పటానికి కాస్త సిగ్గుగానే ఉన్నది, అయినా చెప్తాను.

దసరానాడు పాలపిట్టను చూస్తే మంచిదని మన ఆచారం. జమ్మి కొట్టటానికి పోతూ చెట్ల మీదా తీగల మీదా వెతుక్కుంటాం. మా పెళ్ళయిన కొత్తలో మా మామయ్య అందరినీ వెంటబెట్టుకొని ఊరి బయట చేల దాకా నడిపించేవారు. కనపడిందాకా ఇంటికి వచ్చేది లేదు. తర్వాత కాలనీకి వచ్చాం. క్వార్టర్ల మధ్య అంత దూరం నడిచే ఓపిక ఎవరికున్నది? ఒక దసరానాడు పొద్దున్నే ఒకతను పంజరం పట్టుకొని మా లైనులోకి వచ్చాడు. "అమ్మా, పాలపిట్టను సూడుండ్రి, ఇరవై రూపాయలియ్యిండ్రి, మంచిగైతది" అన్నాడు. ఇంటి ముందుకే వచ్చిందిగదా అని సంబరపడ్డాం. లైనంతా తలా ఇరవై ఇచ్చాం. నేనైతే మా వాణ్ణి ఎత్తుకొని మరీ చూపించాను, పసుపు కుంకుమ కూడా చల్లాను.

సాయంత్రం మా వాడు ఏడుస్తూ వచ్చాడు. ఆ పిట్ట మోరీ పక్కన పడి ఉన్నది. పనైపోగానే అతను వదిలేసి పోయాడు కాబోలు. ఎగురుతుందనుకొని చేతిలోకి తీసుకున్నాను. రెక్క విప్పబోతే విచ్చుకోలేదు. ఈకలన్నీ ఏదో జిగురుతో అంటించి ఉన్నాయి. కాళ్ళకు దారం కట్టిన చోట పుండు. నీళ్ళు తాగించబోతే ముక్కు తెరవలేదు. తెల్లవారేసరికి పోయింది. మా వాడప్పుడు అయిదేళ్ళవాడు. "మనం చూసినందుకే సచ్చిపోయిందా అమ్మా?" అని అడిగాడు. దానికి జవాబు నా దగ్గర లేదు.

మా పక్క క్వార్టర్లో అప్పట్లో ఒక రిటైర్డ్ సర్వేయరుగారు ఉండేవారు. పెద్దాయన. సంగతి విని ఒక్కటే మాటన్నారు. "నువ్విచ్చిన ఇరవై రూపాయలేనమ్మా దాన్ని పట్టించింది." రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోనాడు ఆయనే ఒక కాగితాల కట్ట తెచ్చి ఇచ్చారు. పాత ఇంగ్లీషు పత్రిక, పల్చటి సంచికలు. పేరు 'న్యూస్‌లెటర్ ఫర్ బర్డ్‌వాచర్స్', అంటే పక్షులను చూసేవాళ్ళ వార్తాలేఖ అన్నమాట. నేను చదివింది మెట్రిక్. నిఘంటువు పక్కన పెట్టుకొని రోజుకొక పేజీ చొప్పున చదివాను. ఇదేదో పెద్ద శాస్త్రవేత్తల వ్యవహారం అనుకొని మొదలుపెట్టాను. కానే కాదు! ఒకరు తమ ఇంటి వరండాలో పిచ్చుక గూడు పెట్టిన సంగతి రాస్తే, ఇంకొకరు తమ ఊరి చెరువుకు ఏ నెలలో ఏ బాతులు వచ్చాయో రాశారు. రాసినవాళ్ళు ఉద్యోగస్తులు, విద్యార్థులు, పెన్షనర్లు, గృహిణులు. సంపాదకుని పేరు జఫర్ ఫుతేహల్లీ.

ఆయన 1920 మార్చి 19న పుట్టారు. మన కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది కూడా ఆ సంవత్సరమే. రెండింటికీ సంబంధమేమీ లేదనుకోండి, నాకు గుర్తుండటానికి బాగున్నది. ఆయన వృత్తిచేత పక్షి శాస్త్రజ్ఞుడు కాదు. బొంబాయిలో వ్యాపారం చూసుకునే మనిషి. ఆయన భార్య లయీక్ గారు సాలిం అలీకి మేనకోడలు. సాలిం అలీ పేరు మీరు వినే ఉంటారు, మన దేశంలో పక్షులనగానే అందరూ తలచుకునే పేరది. ఆ విధంగా అత్తవారింటి వైపు నుంచి పక్షులు కూడా వచ్చాయని నేను మా వారితో వేళాకోళం ఆడుతుంటాను. లయీక్ గారు కూడా తక్కువవారు కాదు సుమండీ. సాలిం అలీతో కలిసి ఆవిడ రాసిన 'కామన్ బర్డ్స్' పుస్తకాన్ని నేషనల్ బుక్ ట్రస్టు 1967లో వేసింది. తోటల పెంపకం మీద కూడా ఆవిడ రాశారు.

ఫుతేహల్లీ వార్తాలేఖను 1960లో మొదలుపెట్టారు. అచ్చుయంత్రం లేదు, రంగుల బొమ్మల్లేవు. సైక్లోస్టైలు కాగితాలు! ఈ కాలం పిల్లలకు చెప్తే తెలియదు. మైనం కాగితం మీద టైపు మిషనుతో కొడితే అక్షరాల చోట చిల్లులు పడేవి. దాన్ని సిరా రోలరుకు చుట్టి తిప్పితే ఒక్కొక్క కాగితమే బయటికొచ్చేది. మా నాన్నగారి రోజుల్లో బాయి దగ్గర యూనియన్ కరపత్రాలు, మా బడిలో పరీక్ష పేపర్లు అట్లాగే వచ్చేవి. చేతికి అంటుకునే నల్ల సిరా వాసన నాకింకా గుర్తే. ఆయన పత్రిక కూడా మొదట్లో ఆ విధంగానే నెలనెలా కొద్దిమంది చందాదారులకు పోయేది. దాన్ని 2003 దాకా ఆయనే నడిపించారు. నలభై ఏళ్ళ పైచిలుకు! ఒక కుట్టుమిషను నలభై ఏళ్ళు నడపటమే గొప్ప అనుకుంటాం, పత్రిక నడపటం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇదొక్కటే చేసి కూర్చున్నారా అంటే, లేదు. 1962 నుంచి 1973 దాకా బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి గౌరవ కార్యదర్శిగా పనిచేశారు. 1883లో స్థాపించిన సంస్థ అది. 1969లో వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్ మన దేశంలో శాఖ తెరిచినప్పుడు దానికి పునాది వేసినవాళ్ళలో ఒకరు. 1973 ఏప్రిల్ 1న మొదలైన పులుల సంరక్షణ పథకం, అదే ప్రాజెక్ట్ టైగర్, దాని వెనుక పాటుపడినవాళ్ళలోనూ ఉన్నారు. అంతకు ముందరి ఏడాదే, అంటే 1972లో, వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మనకు పైన ఉన్న కవ్వాల్ అడవిని 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు, దాని మొదలు ఆ పథకంలోనే ఉన్నది. ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. తర్వాత బెంగుళూరు వైపు చేరి అక్కడా పిట్టలను చూసేవాళ్ళను ఎందరినో తయారుచేశారు. 2013 ఆగస్టు 11న కాలం చేశారు. ఆయన ఆత్మకథ ఆ మరుసటేడు వచ్చింది. దాని పేరులో మన పెద్ద నలంచి ఉన్నది. తెలుపూ నలుపూ కలిసిన పిట్ట, తెల్లవారుజామున ఈల వేసినట్టు పాడుతుంది చూడండి, అదే. పులుల పథకాలలో తిరిగిన మనిషి తన జీవిత కథకు పెరటి పిట్ట పేరు పెట్టుకున్నారు!

పదవులూ బిరుదులూ అట్లా ఉంచండి. నాకు ఎక్కువగా నచ్చింది ఆ పత్రిక తీరు. పక్షుల గురించి రాయాలంటే అప్పటిదాకా పెద్ద శాస్త్ర పత్రికలే గతి. అందులో చోటు దొరకాలంటే లాటిన్ పేర్లు, కొలతలు, పట్టికలు కావాలి. మామూలు మనిషి చూసింది ఎక్కడ చెప్పుకోవాలి? కోయిల ఈ ఏడు మొదటిసారి ఏ తేదీన కూసింది, కాకి గూట్లో కోయిల పిల్ల ఎన్ని రోజులున్నది, గోరింక జంట ఏ పురుగు తెచ్చి పిల్లలకు పెట్టింది, ఇవన్నీ ఎవరి ఇంట్లో వాళ్ళకే పాతబడిపోయేవి. ఆయన వీటికి చోటిచ్చారు. ఒక్కొక్క ఉత్తరం చిన్నదే. అటువంటివి వేలకు వేలు ఏళ్ళ తరబడి కూడితే దేశం మొత్తానికి ఒక లెక్క తయారవుతుంది. మనం పాల చీటీ రాసుకుంటాం గదా, అటువంటిదే. ఒక్కనాటి అర లీటరుతో ఏమీ తెలియదు, నెలాఖరున తెలుస్తుంది.

ఆడవాళ్ళు ఏం రాశారు అని మీరు అడగబోతున్నారు. ఇద్దరి గురించి చెప్తాను.

మొదటి ఆవిడ ఉషా గంగూలీ గారు. ఢిల్లీలో ఉండేవారు, భర్త పేరున్న అర్థశాస్త్ర ఆచార్యులు. ఈవిడ ఏళ్ళ తరబడి ఢిల్లీ చుట్టుపక్కల తిరిగి పక్షులను చూసి, చూసిన ప్రతిదీ రాసిపెట్టారు. ఢిల్లీ పక్షుల మీద ఆవిడ పుస్తకంలో నాలుగు వందలకు పైగా రకాలున్నాయి. ఆ పుస్తకం అచ్చయింది 1975లో. ఆవిడ 1970లోనే పోయారు, తన పుస్తకాన్ని తాను చూసుకోలేదు. ఆ మాట చదివిననాడు నాకు అన్నం సహించలేదు. ఇప్పటికీ ఢిల్లీలో ఏ పిట్ట తగ్గింది, ఏది కొత్తగా వచ్చింది అని తేల్చాలంటే ఆవిడ రాసిపెట్టింది తీసి చూస్తారు.

రెండవ ఆవిడ జమాల్ ఆరా గారు. ఈవిడంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. 1923లో బీహారులో పుట్టారు. పదో తరగతితో చదువు ఆపించారు. పెళ్ళి నిలబడలేదు. చిన్న కూతురితో రాంచీకి చేరారు. రాంచీ చుట్టూ కూడా మనలాగే బొగ్గు గనుల సీమ, చోటానాగపూర్ అడవులు. అడవి అధికారులతో బంధుత్వమూ స్నేహమూ ఉండటంతో ఆ అడవులన్నీ తిరిగారు. 1949 నుంచి 1988 దాకా అరవైకి పైగా వ్యాసాలు రాశారు, పెద్ద శాస్త్ర పత్రికలలోనూ, ఈ వార్తాలేఖలోనూ. పిల్లలకోసం రాసిన 'వాచింగ్ బర్డ్స్' 1970లో వచ్చి ఎన్నో ముద్రణలు పొందింది. ఆకాశవాణిలో కూడా మాట్లాడేవారట! అయినా 1995లో ఆవిడ పోయాక చాలాకాలం, ఈ జమాల్ ఆరా ఎవరు, ఆడా మగా అన్నది కూడా పక్షుల శాస్త్రం చదివినవాళ్ళకు సరిగ్గా తెలియదు. ఈమధ్యనే ఆవిడ కథను వెతికి బయటికి తెచ్చారు. ఆవిడ రాసినవి మాత్రం భద్రంగా ఉన్నాయి, పత్రిక ఉన్నది గనుక.

మరి మన తెలుగుదేశం మాటేమిటి? నిజాం ప్రభుత్వం డబ్బిస్తే సాలిం అలీ 1931-32లో హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. భార్య తెహ్మీనా గారు కూడా ఆయనతో గుడారాల్లో ఉన్నారు. ఆ తర్వాత 1980లో హైదరాబాదులో పక్షి వీక్షకుల సంఘం ఏర్పడింది. ఇప్పుడు దాన్ని డెక్కన్ బర్డర్స్ అంటున్నారు. వాళ్ళ పత్రిక పేరు చెప్తే మీరు నవ్వుతారు, 'పిట్ట'! అంతకంటే తమాషా ఏమిటంటే, పొన్నంగి పిట్ట జాతికి ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామం కూడా 'పిట్టా'యే. మన తెలుగు మాటనే పందొమ్మిదో శతాబ్దంలో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త తీసుకున్నాడు. ఏ దేశపు పండితుడైనా సరే, ఆ పక్షి పేరెత్తితే తెలుగు మాట్లాడుతున్నట్టే లెక్క.

ఆ సంఘంలోని సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ గార్లు 1989లో ఆంధ్రప్రదేశ్ పక్షుల పట్టిక తయారుచేశారు. ఫుతేహల్లీ పత్రిక పని వదిలిన తర్వాత, 2004లో, హైదరాబాదు నుంచి ఒక కొత్త పత్రిక మొదలైంది. అదే 'ఇండియన్ బర్డ్స్'. సంపాదకులు ఆశీష్ పిట్టీ గారు. దాన్ని వెలువరించే సంస్థకు స్థాపక ధర్మకర్త మన ఫుతేహల్లీయే. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. బొంబాయిలో సైక్లోస్టైలు కాగితాలతో పుట్టిన పని హైదరాబాదులో కొనసాగిందన్నమాట. పిట్టీ గారు ఇంకో పెద్ద పని చేశారు. దక్షిణాసియా పక్షుల మీద మూడు వందల ఏళ్ళుగా వచ్చిన పుస్తకాల వివరాలన్నీ ఏర్చి కూర్చి 2010లో ఒక గ్రంథం వేశారు. చూడబోతే ఎవరికీ పట్టని పనే. కానీ జమాల్ ఆరా వంటి వాళ్ళు ఎక్కడ ఏం రాశారో దొరకాలంటే ఇటువంటి ఓపికమంతుడు ఒకడుండాలి.

పల్లెవాళ్ళకు తెలిసింది కాగితానికి ఎక్కకపోతే ఏమవుతుందో చెప్పటానికి కలివికోడి కథ చాలు. కడప జిల్లా చిట్టడవుల్లో రాత్రిపూట తిరిగే పిట్ట అది. 1848లో జెర్డన్ అనే డాక్టరు దాన్ని లోకానికి చూపించాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో భరత్ భూషణ్ అనే పరిశోధకుడు ఆ ఊళ్ళకు పోయి బొమ్మ చూపించి అడిగితే, వేట తెలిసిన ఒక పల్లెటూరి మనిషి రాత్రివేళ దీపం వెలుగులో దాన్ని పట్టి తెచ్చి ఇచ్చాడు. ఎనభై ఆరేళ్ళు లేదనుకున్న పిట్టకు వాళ్ళ ఊళ్ళలో పేరు కూడా ఉన్నది!

ఇక మన పాలపిట్ట దగ్గరకు వద్దాం. ఇప్పుడు పిట్టలను చూసేవాళ్ళు ఉత్తరాలు రాయటం మానేసి సెల్‌ఫోనులో ఎక్కిస్తున్నారు. అట్లా దేశమంతటా ముప్పై వేల మంది పంపిన మూడు కోట్ల నమోదులను కూడగట్టి 2023లో ఒక నివేదిక వేశారు, 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' అని. అందులో 942 రకాల పక్షుల పరిస్థితి చూశారు. పాలపిట్ట పన్నెండేళ్ళలో సుమారు 30 శాతం తగ్గిందని తేలింది. నమ్మలేకపోయాను. పిచ్చుకలు పోయాయి పోయాయి అని మనమంతా బాధపడుతుంటాం. పెద్ద పట్టణాలలో తగ్గినా దేశం మొత్తం మీద పిచ్చుక నిలకడగానే ఉన్నదని 2020 నాటి నివేదిక చెప్పింది. మనం ఏడాదికొకసారి దణ్ణం పెట్టుకునే పిట్ట మాత్రం మనకు తెలియకుండానే తగ్గిపోతూ వచ్చింది. ఏడాదికి ఒక్కరోజే చూస్తే ఏం తెలుస్తుంది చెప్పండి?

పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. కర్ణాటకకూ ఒడిశాకూ కూడా అదే. తీగ మీద కదలకుండా కూర్చొని, కింద మిడతో పేడపురుగో కనపడగానే దిగి పట్టుకుంటుంది. రైతుకు మేలు చేసే పిట్ట. కూర్చున్నప్పుడు మట్టిరంగుగా ఉంటుంది, రెక్క విప్పితేనే ఆ నీలం. దీని ఈకలు తరిగి గడ్డిలో కలిపి పెడితే ఆవు పాలు ఎక్కువిస్తుందని వెనకట ఒక నమ్మకం ఉండేదట, ఆ పేరు అందుకే వచ్చిందంటారు. గూడు అల్లదు. ఎండిన తాటి మొద్దులోనో ముసలి చెట్టు తొర్రలోనో గుడ్లు పెడుతుంది. అందుకే దానికి మోడు చెట్లు కావాలి. మనకేమో మోడు కనపడితే కొట్టేయాలనిపిస్తుంది. దాన్ని పట్టి పంజరంలో పెట్టటం 1972 చట్టం ప్రకారం నేరం. పట్టినవాడితో పాటు డబ్బిచ్చి చూసిన మనమూ ఆ పనిలో భాగస్వాములమే. ఆచారం తప్పని నేననటం లేదు. మా మామయ్య నడిపించిన ఆచారం వేరు, పంజరం ముందు నేను చేసింది వేరు.

మా లైను చివర తల లేని తాటిచెట్టు ఒకటున్నది. పిడుగు పడి మొద్దు మిగిలింది. అందులో వేసవిలో పాలపిట్ట జంట దూరటం నేను చూశాను. మా లైనులో వాళ్ళు అది పిల్లల మీద పడుతుందని కొట్టించాలన్నారు. వాళ్ళ భయమూ నిజమే గదా, కాదనటానికి లేదు. నాలుగు రోజులు మాటలయ్యాయి. ఒకావిడ నన్ను "పిట్టలమ్మ" అన్నది కూడా. చివరికి పిల్లలు ఆడుకునే జాగాను ఇవతలికి మార్చి, మొద్దు చుట్టూ ముళ్ళకంప వేశాం. ఈ వానాకాలం నిలిచింది. వచ్చే ఏడు నిలుస్తుందో లేదో చెప్పలేను.

ఆ సర్వేయరుగారు కొడుకు దగ్గరకు వెళ్ళిపోతూ నాకొక పాత మస్టరు పుస్తకం ఇచ్చారు. హాజరు వేసే గళ్ళలో నేను పిట్టల హాజరు వేస్తున్నాను. తేదీ, వేళ, చోటు, ఎన్ని. అంతే. పొయ్యి మీద పాలు పొంగేలోపల రాయొచ్చు. గోరింకలు, పిగిలిపిట్టలు, జెముడుకాకి, గోదావరి వైపు పోయే కొంగల బారు, మట్టి గుట్టల దగ్గర అరిచే తీతువు. మా వారు సెకండ్ షిఫ్టు దిగి వచ్చి, "ఇయ్యాల ఎవరెవరు గైరుహాజరు?" అని అడుగుతారు. ఎగతాళికే అడుగుతారు, అయినా అడుగుతారు.

పోయిన దసరానాడు పొద్దున ఆరు గంటలకే నేనూ మా వాడూ తాటిమొద్దు దగ్గరకు వెళ్ళాం. వాడిప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఎనిమిది దాకా నిలబడ్డాం. గోరింకలు నాలుగు, కాకులు లెక్కలేనన్ని. పాలపిట్ట రాలేదు. రాకపోయినా రాయాలని ఆ పత్రికలు చదివే నేర్చుకున్నాను. కనపడలేదన్న మాట లేకపోతే తగ్గిందన్న సంగతి ఎట్లా తెలుస్తుంది? ఆ గడిలో సున్న వేశాను. నాలుగు రోజుల తర్వాత, బట్టలు ఆరేస్తుంటే, కరెంటు తీగ మీద ఒకటి కూర్చొని ఉన్నది. చేతిలో తడి చీర అట్లాగే పెట్టుకొని వాణ్ణి కేకేశాను. వాడు వచ్చేలోపల లేచిపోయింది. 7 గంటల 20 నిమిషాలు, ఒకటి, తూర్పు వైపు.